పేగు పొరను, దాని కాపలా కణాలను ఒకే డిష్‌లో పెంచడం ఎలా?

పేగు లోపలి పొర కణాలు డిష్‌లో కుదురుకుని, ప్రయోగానికి పనికొచ్చేలా పెరగడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అదే పేగు ముక్కలోంచి అదే రోజు తీసిన టి కణాలను, అంటే రోగనిరోధక కాపలా కణాలను, పట్టించుకోకుండా వదిలేస్తే కొద్ది రోజుల్లోనే నీరసించి చచ్చిపోతాయి. ఒకదానిది ఎద్దుబండి నడక, రెండోదానిది రైలుబండి పరుగు. కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. జెల్, మీడియం (కణాలకు ఆహారమయ్యే ద్రవం), మైక్రోస్కోప్ అన్నీ సర్దుకుంటారు గానీ, రెండు రకాల కణాలు ఏ రోజున కలవాలో క్యాలెండర్‌లో రాసుకోరు. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి మెట్టు దగ్గరా ఆ లెక్కే మళ్లీ మళ్లీ వస్తుంది.

మనం తయారు చేయబోయేది మనిషి పెద్దపేగు పొర ఆర్గనాయిడ్, అంటే కణాల నుంచి డిష్‌లో పెంచిన బుల్లి పేగు నమూనా. అందులో అదే మనిషి పేగులో కాపురమున్న టి కణాలు ఉంటాయి. శ్లేష్మ పొర అంటే నోరు, ముక్కు, గాలి గొట్టాలు, పేగులు లాంటి చోట్ల శరీరానికి లోపలి తలుపు లాంటిది. పేగులో అది ఒకే వరుస కణాల గోడ. ఆ గోడ నాలుగైదు రోజులకోసారి కొత్తదవుతుంది. గోడ కణాల మధ్యనే లింఫోసైట్లు అనే రోగనిరోధక కణాలు, ఎక్కువగా టి కణాలే, ఇరుక్కుని ఉంటాయి. చిన్నపేగులో ప్రతి 100 గోడ కణాలకు సుమారు 10 నుంచి 20 దాకా, పెద్దపేగులో అంతకంటే తక్కువగా కనిపిస్తాయి. ఇవి రక్తంలో తిరిగే టి కణాల్లాంటివి కావు. పొరలోనే స్థిరపడిన ఊరి కాపలాదారులు.

2009లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో, హుబ్రెక్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో తోషిరో సాటో, హాన్స్ క్లెవర్స్ బృందం ఎలుక పేగు మూలకణాల నుంచి చిన్న పేగు గోళాలను పెంచింది. 2011లో మనిషి పేగు నుంచీ పెంచి చూపించారు. వాటిలో ఉన్నది గోడ మాత్రమే, కాపలా లేదు. 2024లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో రోష్ మందుల కంపెనీ పరిశోధకులు ఒకే మనిషి పేగు నుంచి గోడనూ, అక్కడే నివసించే టి కణాలనూ తీసి, రెండింటినీ కలిపిన ఆర్గనాయిడ్లను 'నేచర్' పత్రికలో ప్రచురించారు. టి కణాలు గోడ కణాల మధ్యకి దూరి, అటూ ఇటూ కదులుతూ కనిపించడం అందులో అసలు విశేషం.

దీనివల్ల ప్రయోజనం ఏమిటో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. కొన్ని క్యాన్సర్ మందులు టి కణాన్ని ఒక చేత్తో, క్యాన్సర్ కణం మీదున్న ఎప్‌క్యామ్ అనే ప్రొటీన్‌ను ఇంకో చేత్తో పట్టుకుని రెండింటినీ దగ్గరికి లాగుతాయి. చిక్కేమిటంటే ఎప్‌క్యామ్ ఆరోగ్యంగా ఉన్న పేగు గోడ మీదా ఉంటుంది. సొలిటొమాబ్ అనే మందును రోగులకు ఇచ్చినప్పుడు తీవ్రమైన విరేచనాలు పట్టుకున్నాయి. మనిషి ప్రొటీన్‌నే గుర్తుపట్టే మందును మామూలు ఎలుకలో పెట్టి చూస్తే ఈ ముప్పు తెలియదు. గోడ మాత్రమే ఉన్న ఆర్గనాయిడ్‌లోనూ తెలియదు, ఎందుకంటే దాడి చేసేవాడే అక్కడ లేడు.

మన దగ్గరా దీని అవసరం ఉంది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారు చేసే రోటావాక్ నోటి చుక్కల టీకా. భారత్‌లో జరిగిన పరీక్షల్లో తీవ్రమైన రోటావైరస్ విరేచనాల మీద దాని రక్షణ 55 శాతం దగ్గర తేలింది. నోటి రోటా టీకాలన్నీ పేద దేశాల్లో ఇలా కాస్త తక్కువగానే పనిచేస్తాయి. కారణాలు వెతకాల్సిన చోట్లలో పేగు పొర ఒకటి. పైగా 2023 మార్చిలో మన దేశంలో కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలను సవరించి, జంతువుల మీద కాకుండా ఆర్గనాయిడ్లు, ఆర్గాన్-ఆన్-చిప్ లాంటి పద్ధతులతో తెచ్చిన సమాచారానికీ చోటు ఇచ్చారు.

మొదట మీ ప్రశ్న ఏమిటో తేల్చుకోండి

ప్రశ్నను బట్టి మోడల్ మారుతుంది. టి కణాలు గోడను ఎలా దెబ్బ తీస్తాయి, ఎలా కాపాడతాయి అనేది మీ ప్రశ్న అయితే ఈ మార్గదర్శి మీకే. సూక్ష్మజీవి పేగు లోపలి వైపు నుంచి వస్తే ఏమవుతుందో చూడాలంటే గోళాకార ఆర్గనాయిడ్ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే జెల్‌లో పెరిగిన గోళంలో పేగు లోపలి భాగం గోళం మధ్యలో మూసుకుపోయి ఉంటుంది. బ్యాక్టీరియాను సూదితో లోపలికి ఎక్కించాలి, లేదా ఆర్గనాయిడ్ కణాలను విడగొట్టి ట్రాన్స్‌వెల్ అనే సన్న రంధ్రాల పొర మీద చదునుగా పరిచి, రోగనిరోధక కణాలను కింది గదిలో పెట్టాలి.

ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు పుట్టడం చూడాలనుకుంటే పేగు వదిలేసి టాన్సిల్స్ పట్టుకోండి. దాని గురించి చివర్లో విడిగా చెప్తాను. నిజానికి ఈ రంగంలో మొదటి అడుగు వేసే ల్యాబ్‌కి అదే తేలిక దారి.

కాగితాలు, డాక్టర్లు, డబ్బా

మనిషి కణజాలం ముట్టుకునే ముందు సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి, బయోసేఫ్టీ కమిటీ అనుమతి రెండూ ఉండాలి. ఐసీఎంఆర్ 2017లో తెచ్చిన జాతీయ నైతిక మార్గదర్శకాలు దీనికి ఆధారం. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులో అంటే ఇంగ్లిష్ పత్రాన్ని యంత్రంలో వేసి తీసిన తెలుగు కాదు. "మీ పేగులోంచి తీసేసిన ముక్కలో ఆరోగ్యంగా ఉన్న కొంచెం భాగాన్ని మా ల్యాబ్‌లో పెంచుతాం, కణాలను ఏళ్ల తరబడి దాచుకోవచ్చు, జన్యువులు చదవొచ్చు, మీరు ఎప్పుడైనా వద్దనవచ్చు" అని ముఖాముఖి చెప్పినట్టు ఉండాలి.

ఎక్కువగా దొరికేది పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్‌లో తీసేసిన భాగంలో గడ్డకు దూరంగా ఉన్న మామూలు పొర. గడ్డ నుంచి కనీసం 5 సెంటీమీటర్లు, కుదిరితే 10 సెంటీమీటర్ల దూరం నుంచి తీసింది అడగండి. ఎంత భాగం ఇవ్వాలో పాథాలజిస్ట్ చెప్పాలి, మీరు కాదు. రోగికి హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు అయ్యాయో లేదో కనుక్కోండి. నెగటివ్ అని తెలిసినా సరే, పని బయోసేఫ్టీ రెండో స్థాయి క్యాబినెట్‌లోనే. అదే రోగి దగ్గర ఒక హెపారిన్ ట్యూబు రక్తం కూడా సమ్మతితో తీసుకోండి. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

డబ్బా సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ నన్ను బాగా ఏడిపించింది అదే. ఆరు నెలలు తిరిగి అనుమతులు తెచ్చుకున్నాక మొదటి నమూనా వచ్చింది. ఆనందంగా మూత తీస్తే ఘాటు వాసన. ఆపరేషన్ థియేటర్‌లో అలవాటు ప్రకారం ముక్కను ఫార్మలిన్‌లో వేశారు. వాళ్ల తప్పేమీ లేదు, రోజూ చేసే పనే చేశారు. అప్పటి నుంచి మా డబ్బాల మీద ఎర్ర అక్షరాలతో "ఫార్మలిన్ వద్దు, ఇందులోని ద్రవమే" అని రాసి, ముందు రోజే నేనే వెళ్లి ఇచ్చి వస్తున్నాను. లోపల చల్లటి ఆర్‌పీఎంఐ మీడియం, యాంటీబయాటిక్‌లు, ఫంగస్‌కి యాంఫోటెరిసిన్ ఉంటాయి. డబ్బా ఐసు మీద రావాలి, కానీ ముక్క గడ్డకట్టకూడదు. మే నెలలో బైక్ మీద తెస్తే మామూలు ఐసుగడ్డల సంచి గంటకే నీళ్లవుతుంది. మంచి ఐస్‌ప్యాక్‌లున్న థర్మోకోల్ పెట్టె వాడండి. గోడ కణాలు మర్నాటి దాకా ఓర్చుకుంటాయి, టి కణాలు ఓర్చుకోవు. కాబట్టి ఎంత రాత్రయినా అదే రోజు పని మొదలుపెట్టాలి.

మొదటి రోజు: ఒక ముక్క, రెండు దారులు

ముక్కను చల్లటి పీబీఎస్ ఉప్పు ద్రావణంలో వేసి, పొర కింద ఉన్న కొవ్వు, కండరం కత్తెరతో తీసేయండి. మిగిలిన పొరను 5 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. బియ్యం కడిగినట్టే, ఎనిమిది పది సార్లు. పెద్దపేగు అంటే బ్యాక్టీరియా నిలయం. ఇక్కడ బద్ధకించి తప్పించిన ఒక్కో కడుగుడికీ తర్వాత ఒక్కో ప్లేటు బూజు పట్టి పోతుంది.

తర్వాత ముక్కలను కాల్షియం, మెగ్నీషియం లేని పీబీఎస్‌లో వేసి, 1 మిల్లీమోలార్ డీటీటీ, 5 నుంచి 10 మిల్లీమోలార్ ఈడీటీఏ కలిపి, 4 డిగ్రీల దగ్గర 30 నుంచి 60 నిమిషాలు మెల్లగా ఊపండి. డీటీటీ జిగురును వదలగొడుతుంది. ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేసుకుని గోడ కణాల చేతులు విడదీస్తుంది. ఆ తర్వాత ట్యూబును గట్టిగా పది పదిహేను సార్లు కుదపాలి. మొదటి ద్రవంలో జిగురు, చచ్చిన కణాలు, చెత్త ఉంటాయి. ఆర్గనాయిడ్ ప్రోటోకాల్‌లలో మామూలుగా దీన్ని పారబోయమంటారు. మీరు మాత్రం పారబోయకండి. గోడ మధ్య ఇరుక్కుని ఉన్న లింఫోసైట్లు వచ్చేది ఇందులోనే. 40 మైక్రాన్ల జల్లెడ పట్టి, పక్కన ఐసు మీద పెట్టండి.

మళ్లీ కొత్త చల్లటి పీబీఎస్ పోసి కుదపండి. రెండో, మూడో ద్రవంలో క్రిప్టులు, అంటే మూలకణాలు అడుగున ఉండే గుంటలు వస్తాయి. మైక్రోస్కోప్‌లో ఒక చుక్క చూస్తే రబ్బరు గ్లవ్ నుంచి కోసేసిన వేళ్లలా కనిపిస్తాయి. అవి కనిపించేదాకా కుదుపుతూనే ఉండాలి. ఎన్ని సార్లన్నది రోగిని బట్టి, కొన్నిసార్లు రెండే, కొన్నిసార్లు ఆరు. క్రిప్టులు ప్లాస్టిక్‌కి అతుక్కుంటాయి, అందుకే ట్యూబులను, పిపెట్ టిప్పులను ముందే సీరంతో తడిపి పెట్టుకోండి. 100 మైక్రాన్ల జల్లెడ పట్టి, 4 డిగ్రీల్లో 200 నుంచి 300 జీ వేగంతో 5 నిమిషాలు తిప్పండి.

అడుగున మిగిలిన ముక్కలు ఇప్పుడు గోడ లేని పేగు. కాపలా కణాల్లో అధిక భాగం ఇంకా అక్కడే ఉన్నాయి. వాటిని కాల్షియం ఉన్న మీడియంతో రెండు మూడు సార్లు కడగండి, ఎందుకంటే ఈడీటీఏ మిగిలితే తర్వాత కణజాలాన్ని విడగొట్టడానికి వాడే కొలాజినేజ్ ఎంజైమ్ పనిచేయదు. కొలాజినేజ్‌కి కాల్షియం కావాలి.

గోడను పెంచడం

క్రిప్టులను మాట్రిజెల్‌లో కలిపి చుక్కలుగా పెట్టాలి. మాట్రిజెల్ ఎలుక క్యాన్సర్ గడ్డ నుంచి తీసిన ప్రొటీన్ల ముద్ద. నెయ్యి చలికి గడ్డకడితే ఇది వేడికి గడ్డకడుతుంది, అదొక్కటీ గుర్తుంటే చాలు. ముందు రాత్రే ఫ్రిజ్‌లో ఐసు మీద పెట్టి కరగనివ్వండి. టిప్పులు ఫ్రీజర్‌లో, ప్లేటు 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో సిద్ధంగా ఉంచుకోండి. 24 గుంటల ప్లేటులో ఒక్కో గుంట మధ్యలో 50 మైక్రోలీటర్ల చుక్క, అందులో 200 నుంచి 500 క్రిప్టులు. బుడగలు రాకుండా నిదానంగా. ప్లేటును తిరగేసి 10 నుంచి 15 నిమిషాలు ఇంక్యుబేటర్‌లో ఉంచితే క్రిప్టులు అడుగుకి దిగిపోకుండా చుక్క మధ్యలోనే నిలుస్తాయి. తర్వాత 500 మైక్రోలీటర్ల మీడియం.

మీడియంలో ఉండాల్సినవి ఇవి. అడ్వాన్స్‌డ్ డీఎంఈఎం/ఎఫ్12లో 10 మిల్లీమోలార్ హెపెస్, గ్లూటామాక్స్, బీ27, 1 మిల్లీమోలార్ ఎన్-అసిటైల్ సిస్టీన్, మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల ఈజీఎఫ్, 10 మిల్లీమోలార్ నికోటినమైడ్, 10 నానోమోలార్ గ్యాస్ట్రిన్, 500 నానోమోలార్ ఏ83-01, 10 మైక్రోమోలార్ ఎస్‌బీ202190, మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల ప్రిమోసిన్. మొదటి రెండు రోజులు మాత్రం 10 మైక్రోమోలార్ వై-27632, విడిపోయిన కణాలు భయంతో చచ్చిపోకుండా.

ఇవి కాక మూలకణాలను నిలబెట్టే వింట్3ఏ (Wnt3a), ఆర్-స్పాండిన్, నాగిన్ (Noggin) అనే ప్రొటీన్లు కావాలి. సీసాల్లో కొంటే జేబు ఖాళీ అయ్యేది వీటికే. చిన్న ల్యాబ్‌కి నా సలహా ఒక్కటే: ఎల్-డబ్ల్యూఆర్ఎన్ అనే కణవంశాన్ని తెచ్చుకోండి. ఏటీసీసీ అనే కణాల భాండాగారంలో దాని నంబరు సీఆర్ఎల్-3276. ఆ కణాలు ఈ మూడింటినీ తామే చేసి మీడియంలోకి వదులుతాయి. ఆ ద్రవాన్ని వడకట్టి, సగానికి సగం కలుపుకుంటే చాలు. ఒక్కో బ్యాచ్ బలం ఒక్కోలా ఉంటుంది కాబట్టి కొత్త బ్యాచ్‌ను పాత ఆర్గనాయిడ్ల మీద పరీక్షించకుండా విలువైన నమూనాకి వాడొద్దు.

రెండు మూడు రోజులకోసారి మీడియం మార్చండి. 7 నుంచి 10 రోజులకు గోళాలు నిండుతాయి. చల్లటి మీడియంతో జెల్‌ను వదులు చేసి, సన్నటి టిప్పుతో విరగ్గొట్టి, ఒక చుక్కను మూడు నాలుగు చుక్కలుగా పంచండి. రెండు మూడు సార్లు ఇలా పంచాక, అంటే సుమారు నెల తిరిగేసరికి, చెత్త పోయి శుభ్రమైన వరుస మిగులుతుంది. అప్పుడు సగం గోళాలు తప్పకుండా ద్రవ నత్రజనిలో దాచుకోండి. ఈ మీడియంలో పెద్దపేగు గోళాలు నీటి బుడగల్లా పలచగా ఉంటాయి, వాటిలో మూలకణాలే ఎక్కువ. వింట్ తగ్గిస్తే మొగ్గలు వేసి అల్లం కొమ్ములా మారతాయి. జిగురును స్రవించే గాబ్లెట్ కణాలు, పీల్చుకునే కణాలు అప్పుడే వస్తాయి. నిజమైన పేగు గోడకు దగ్గరగా ఉన్నది ఆ అల్లం కొమ్మే. కాబట్టి టి కణాలను కలిపే నాలుగైదు రోజుల ముందు వింట్ తగ్గించడం మొదలుపెట్టండి.

కాపలా కణాలను దాచడం

మొదటి రోజు మిగిలిన ముక్కల దగ్గరికి మళ్లీ వద్దాం. ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, కొలాజినేజ్ మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, డీఎన్ఏజ్ 100 మైక్రోగ్రాములు వేసి 37 డిగ్రీల్లో 30 నుంచి 45 నిమిషాలు తిప్పి, జల్లెడ పట్టడం. గంటన్నరలో పని అయిపోతుంది, కణాలు లక్షల్లో వస్తాయి. కానీ ఎంజైమ్ కణాల పైనున్న గుర్తులను కొంత కొరికేస్తుంది, కణాలు కంగారుపడతాయి. రెండోది, ముక్కలను 2 మిల్లీమీటర్ల సైజులో కోసి, మీడియంలో పెట్టి, టి కణాలు వాటంతట అవే పాకి బయటికి వచ్చేదాకా ఆగడం. మొదటి రాత్రికే కొన్ని వస్తాయి, తర్వాతి రోజుల్లో మరికొన్ని. బాసెల్ బృందం ఇదే దారి పట్టింది, ముక్కలకు ఆనుకోవడానికి గుల్లగా ఉండే ఆధారం పెట్టింది. నేను కూడా ఇప్పుడు ఈ రెండోదే ఎంచుకుంటున్నాను. కణాలు తక్కువే వస్తాయి, కానీ నడవగలిగిన కణాలే వస్తాయి. ఆర్గనాయిడ్‌లోకి దూరాల్సింది నడవగలిగినవే కదా.

కణాల పైనున్న గుర్తులను చదివే ఫ్లో సైటోమీటర్‌లో ఒక చిన్న వాటా చూసుకోండి. రోగనిరోధక కణాల గుర్తు సీడీ45 ఉండాలి, గోడ కణాల గుర్తు ఎప్‌క్యామ్ ఉండకూడదు. టి కణాల గుర్తు సీడీ3 ఉన్నవాటిలో సీడీ4, సీడీ8 రకాలను వేరు చేయండి. పొరలో స్థిరపడ్డవాటికి సీడీ69, సీడీ103 గుర్తులు. సీడీ103 గోడ కణాల మీదున్న ఈ-క్యాడ్‌హెరిన్‌ను పట్టుకునే కొక్కెం. బతికున్న కణాలు 80 శాతానికి తక్కువైతే ఆ నమూనాతో ముందుకు వెళ్లకండి.

రెండు గడియారాల లెక్క ఇక్కడే కుదురుతుంది. టి కణాలను గోడ తయారయ్యేదాకా బతికించాలని చూడకండి. నెల రోజులు ఐఎల్-2 (టి కణాలను పెంచే సంకేత ప్రొటీన్) పోసి పెంచితే మిగిలేవి మీరు తీసిన కణాలు కావు, వాటి వేషంలో ఉన్న వేరే కణాలు. వెంటనే 90 శాతం సీరం, 10 శాతం డీఎంఎస్ఓలో (గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే ద్రవం), నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరిచే డబ్బాలో −80కి, తర్వాత ద్రవ నత్రజనిలోకి పంపేయండి. ఒక్కో గొట్టంలో ఒక ప్రయోగానికి సరిపడా మాత్రమే. మొదటి ద్రవంలోంచి ఐసు మీద పక్కన పెట్టిన లింఫోసైట్లనూ, రోగి రక్తం నుంచి ఫైకాల్ అనే చిక్కటి ద్రవం మీద వేరు చేసిన కణాలనూ ఇలాగే దాచండి.

కలిపే రోజు

ముందు రోజు సాయంత్రం టి కణాలను కరిగించి, ఆర్‌పీఎంఐ, 10 శాతం సీరం, కొద్దిగా ఐఎల్-2తో రాత్రంతా విశ్రాంతి ఇవ్వండి. కరిగించిన వెంటనే లెక్కపెడితే ఎక్కువగా కనిపిస్తాయి, పొద్దున్న లెక్కే నిజమైన లెక్క.

ఆర్గనాయిడ్లు చివరిసారి పంచి 5 నుంచి 7 రోజులైనవి తీసుకోండి. జెల్‌ను కరిగించే సెల్ రికవరీ ద్రావణంలో ఐసు మీద అరగంట ఉంచితే గోళాలు విరగకుండా బయటికి వస్తాయి. ఇప్పుడు పిపెట్‌తో గట్టిగా కొట్టొద్దు, చివర కోసిన వెడల్పాటి టిప్పు వాడండి. ఒక చిన్న వాటాను ట్రిప్‌ఎల్ఈ (TrypLE) ఎంజైమ్‌తో ఒంటరి కణాలుగా విడగొట్టి లెక్కపెట్టి, మొత్తం గోడ కణాలెన్నో అంచనా వేయండి.

మామూలు పేగు పరిస్థితి చూడాలంటే 10 గోడ కణాలకు ఒక టి కణం. మందు వల్ల దాడి జరుగుతుందా అని చూడాలంటే ఒకటికి ఒకటి దాకా వెళ్లొచ్చు. రెండింటినీ కణాలు అతుక్కోని ట్యూబులో కలిపి, 37 డిగ్రీల్లో గంట నుంచి రెండు గంటలు ఒకదానికొకటి తగిలేలా ఉంచి, తర్వాతే జెల్‌లో పెట్టండి. నేరుగా జెల్‌లో కలిపితే టి కణాలు దూరంగా చెల్లాచెదురై, గోళాన్ని చేరకముందే అలిసిపోతాయి. టి కణాలు గోళం బయటి వైపు నుంచి వస్తాయి. జెల్‌లో ఆ వైపే పేగు గోడ అడుగు భాగం కాబట్టి అది సహజమైన దారే.

ఇక మీడియం. నా అంచనాలో సగం ప్రయోగాలు చప్పగా తేలిపోయేది ఇక్కడే. గోడకు పోసే మీడియంలో మంచివన్నీ టి కణాలకు మంచివి కావు. ఎస్‌బీ202190 కణంలోని పీ38 అనే సంకేత దారిని మూసేస్తుంది. టి కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే దాడి సంకేతాన్ని తయారు చేయడానికి వాడే దారుల్లో అదొకటి. ఏ83-01 టీజీఎఫ్-బీటా సంకేతాన్ని ఆపుతుంది. సీడీ103 కొక్కెం నిలబడేది ఆ సంకేతం మీదే. కొందరు ప్రోస్టాగ్లాండిన్ ఈ2 కూడా వేస్తారు, అది టి కణాలను నిద్రపుచ్చుతుంది. ఇవన్నీ ఉంచుకుని, "మా మందు సురక్షితం, టి కణాలు గోడను తాకనే లేదు" అని రాసేస్తే నవ్వుల పాలవుతాం. కాబట్టి కలిపే ముందు రోజే ఈ మూడింటినీ తీసేయండి. గోడ పెరుగుదల మందగిస్తుంది గానీ రెండు మూడు రోజుల ప్రయోగానికి నష్టం లేదు. మిగిలిన మీడియాన్ని ఆర్‌పీఎంఐతో సగం సగం కలిపి, మిల్లీలీటరుకు 50 నుంచి 100 యూనిట్ల ఐఎల్-2, కొన్ని నానోగ్రాముల ఐఎల్-15 వేయండి. ఐఎల్-15 విషయంలో చేయి బిగించి ఉండాలి. గోధుమ పడని సీలియాక్ జబ్బులో పేగు గోడను కాల్చేది ఐఎల్-15 రెచ్చగొట్టిన టి కణాలే. మోతాదు ఎక్కువైతే మందు వేయకుండానే గోడ కూలిపోతుంది.

పోల్చుకునే గుంటలు

ఇంకొక తప్పు కూడా ఒప్పుకుంటాను. మొదటి ఏడాదిలో ఒక రోగి ఆర్గనాయిడ్లను, ఇంకొకరి రక్తపు టి కణాలతో కలిపాను. అదే రోగి కణాలు అప్పటికి అయిపోయాయి మరి. మూడో రోజుకి గోళాలన్నీ కుప్పకూలాయి. మందు పనిచేసిందని రెండు రోజులు పండగ చేసుకున్నాను. మందు వేయని గుంటలు చూసేసరికి అవీ కూలి ఉన్నాయి. పరాయి మనిషి గోడను టి కణాలు శత్రువుగా చూశాయి, అంతే. అవయవ మార్పిడిలో జరిగేదే డిష్‌లో జరిగింది.

అప్పటి నుంచి ప్రతి ప్రయోగంలోనూ ఈ గుంటలు తప్పనిసరి: గోడ ఒక్కటే, టి కణాలు ఒక్కటే, రెండూ కలిపినవి మందు లేకుండా, రెండూ కలిపినవి మందుతో, సీడీ3/సీడీ28 పూసలతో బలవంతంగా రెచ్చగొట్టినవి, అదే మనిషి రక్తపు టి కణాలతో కలిపినవి. చివరిది చాలా నేర్పుతుంది. రక్తపు టి కణాలు ఎక్కువగా గోళం చుట్టూ తిరుగుతాయి గానీ లోపలికి దూరవు. పేగు టి కణాలు దూరతాయి. మీ మోడల్ నిజంగా పేగులా ప్రవర్తిస్తోందో లేదో ఆ ఒక్క తేడా చెప్పేస్తుంది.

ఇంకో మాట. ఒకే రోగి నుంచి 12 గుంటలు పెట్టినా అది ఒక్క మనిషే. కనీసం ముగ్గురు రోగుల నుంచి వచ్చేదాకా గ్రాఫ్ గీయకండి.

చూడటం, కొలవడం

టి కణాలకు ముందే ఒక రంగు వేసి, చచ్చే కణాలను వెలిగించే కాస్పేస్-3/7 రంగును మీడియంలో కలిపితే కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌లో సజీవంగా చూడొచ్చు. మొదటి 24 గంటలు కదలిక కోసం, 48 నుంచి 72 గంటలు నష్టం కోసం. పైనుంచి తీసిన ఒక్క ఫోటోలో టి కణం గోళం లోపల ఉన్నట్టే కనిపిస్తుంది, నిజానికి మీద కూర్చుని ఉండొచ్చు. పొరలు పొరలుగా తీసి, ఈ-క్యాడ్‌హెరిన్ గీతకు లోపల ఉందో బయట ఉందో చూశాకే "దూరింది" అని రాయండి.

మీడియంలో ఇంటర్‌ఫెరాన్ గామా, టీఎన్ఎఫ్, గ్రాంజైమ్ బీ ఎలైజాతో కొలవండి. ఒకే సమయంలో కాకుండా 24, 48 గంటలకు విడివిడిగా తీసి దాచుకోవడం మేలు. చివర్లో 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో ఐసు మీద అరగంట పైన స్థిరపరచండి. జెల్ మిగిలితే రంగు లోపలికి పోదు, అందుకని ముందు చల్లటి ద్రావణంతో జెల్‌ను పూర్తిగా తీసేయాలి.

తేడా కొడితే

గోళాలు మొదటి వారంలోనే నల్లబడి ఆగిపోతే వింట్ ద్రవం బలం తగ్గి ఉంటుంది, లేదా జెల్ కొత్త లాట్ అయి ఉంటుంది. ఒకేసారి రెండూ మార్చొద్దు. రెండో రోజే మీడియం మబ్బుగా మారితే బ్యాక్టీరియా. కడగడం మీద అనుమానపడండి, ఆ ప్లేటును బతికించే ప్రయత్నం వద్దు, పక్క ప్లేట్లూ పోతాయి. ఏ గొడవా కనిపించకుండా కణాలు నీరసంగా ఉంటే మైకోప్లాస్మా (కంటికి కనిపించకుండా కణాలను పట్టే అతి చిన్న బ్యాక్టీరియా) పరీక్ష చేయించండి. నెలకోసారి ఎలాగూ చేయించాల్సిందే. టి కణాలు బతికే ఉన్నా గోళాల దగ్గరికి పోకపోతే జెల్ మరీ గట్టిగా ఉందేమో చూడండి. పలచన చేసిన జెల్‌లోనో, కొలాజెన్‌లోనో అవి హాయిగా తిరుగుతాయి.

ఈ మోడల్‌లో లేనివీ చాలా ఉన్నాయి. రక్తనాళాలు లేవు, నరాలు లేవు, పేగు బ్యాక్టీరియా లేదు, సూక్ష్మజీవులను మింగే మ్యాక్రోఫేజ్ కణాలు ఈ పద్ధతిలో దాదాపు రావు. మూడు రోజులకు మించి సాగదు. మీ ప్రశ్నకు వీటిలో ఏదైనా కీలకమైతే వేరే మోడల్ చూసుకోవాలి.

టాన్సిల్ దారి

2021లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ డేవిస్ బృందం నుంచి లీసా వాగర్, సహచరులు టాన్సిల్ ఆర్గనాయిడ్లను 'నేచర్ మెడిసిన్'లో వివరించారు. పద్ధతి విని ఆశ్చర్యపోతారు. ఆపరేషన్‌లో తీసేసిన టాన్సిల్‌ను నలిపి, జల్లెడ పట్టి, ఒంటరి కణాలను ఫ్రీజ్ చేస్తారు. కరిగించి, ఒక్కో ట్రాన్స్‌వెల్ పొర మీద 60 లక్షల కణాలను చిక్కగా పోస్తారు. కింద 1 మిల్లీలీటరు మీడియం, అందులో ప్రతిరక్షకాలు చేసే బీ కణాలను నిలబెట్టే బీఏఎఫ్ఎఫ్ అనే ప్రొటీన్. మాట్రిజెల్ అక్కర్లేదు. కొద్ది రోజుల్లో కణాలు వాటంతట అవే గుంపులు కట్టుకుంటాయి. ఫ్లూ టీకా వేస్తే వారం, రెండు వారాల్లో ఆ ఫ్లూకి ప్రత్యేకమైన ప్రతిరక్షకాలు మీడియంలోకి వస్తాయి. కణాలు చిక్కగా ఉండటమే కిటుకు. పలచన చేస్తే గుంపులు సరిగా కట్టవు.

ఇక్కడ రెండు గడియారాల తలనొప్పి లేదు, ఎందుకంటే గోడ దాదాపు ఉండదు, ఉన్నవన్నీ రోగనిరోధక కణాలే. పిల్లల టాన్సిల్ ఆపరేషన్లు ఏ ఈఎన్‌టీ విభాగంలోనైనా ఉంటాయి, కాకపోతే సమ్మతి తల్లిదండ్రులది, 7 ఏళ్లు దాటిన పిల్లల అంగీకారం కూడా విడిగా అడగాలి. మా దగ్గర కొత్తగా చేరిన విద్యార్థులకు మొదటి మూడు నెలలు ఇదే ఇస్తాం. దీనిమీద చేయి తిరిగాక, పేగు నమూనా వచ్చిన రాత్రి ల్యాబ్‌లో ఉండమంటాం.